320 అని ఉంటే సరిపోదు, ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి

పాటల ఫైళ్లు పోగేసుకునే మనవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. 320 కేబీపీఎస్ అయితే మంచి ఫైలు, 192 అయితే ఫర్వాలేదు, 128 అయితే పారేయొచ్చు. పాట వినరు, పక్కనున్న అంకె చూసి తీర్పు చెప్పేస్తారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. ఈ అంకెల పిచ్చి వల్ల మంచి ఫైళ్లు డిలీట్ అయిపోతున్నాయి, చెత్త ఫైళ్లు చేతులు మారుతూ తిరుగుతున్నాయి.

ఆ అంకె చెప్పేది ఒక్కటే, సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చు పెట్టారో. ఆడియో సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. మొత్తం సుమారు 1,411 కిలోబిట్లు. ఎంపీ3లో పై హద్దే 320. అంటే ఎంత గొప్ప ఎంపీ3 అయినా మూడొంతులకు పైగా వదిలేసిందే. కాబట్టి ఎంత ఉంచారన్నదొక్కటే కాదు, ఏది వదిలేశారన్నది కూడా చూడాలి. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మన చెవికి అందదు. అలాంటివి వెతికి తీసేయడమే ఎన్‌కోడర్ (పాటను ఎంపీ3గా మార్చే ప్రోగ్రామ్) పని. ఆ పని తెలిసిన ఎన్‌కోడర్ 190లో చేసింది, తెలియని పాత ఎన్‌కోడర్ 256లో చేసినదానికన్నా బాగుండొచ్చు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక పాటకు ఎన్ని బిట్లు కావాలన్నది ఆ పాటను బట్టే ఉంటుంది. ఘంటసాల గారి 1950ల నాటి పాట తీసుకోండి. అది మోనో. ఎడమ, కుడి ఛానళ్లలో ఉన్నది ఒకటే. పైగా ఆ రోజుల రికార్డింగుల్లో పైస్థాయి (సన్నని, కీచు) శబ్దాలు అంతగా ఉండవు. శుభ్రమైన సీడీ నుంచి తీసి, లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో వి2 (బిట్లను అవసరాన్ని బట్టి వాడే) సెట్టింగ్ పెట్టి చేస్తే, మామూలుగా 190 దగ్గర ఉండాల్సిన సగటు చాలాసార్లు బాగా కిందికి దిగిపోతుంది. ఎందుకంటే అక్కడ అంతకుమించి దాచాల్సింది లేదు. ఇప్పుడు అదే పాటను అరిగిపోయిన క్యాసెట్ నుంచి ఎక్కించండి. క్యాసెట్‌లో 'స్స్స్' అని నడిచే హిస్ ఎడమవైపు ఒకలా, కుడివైపు ఒకలా ఉంటుంది. ఎన్‌కోడర్‌కి అది చప్పుడని తెలియదు, అదీ సంగీతమే అనుకుని బిట్లు పోస్తుంది. బిట్‌రేట్ పైకి ఎగబాకుతుంది. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? పెద్ద అంకె ఉన్న క్యాసెట్ కాపీని ఉంచుకుని, సీడీ కాపీని తీసేస్తారు. ఇలా పోయిన ఫైళ్లను నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

(మోనో పాటల్ని క్యాసెట్ నుంచి ఎక్కించేవాళ్లు ఒక పని చేయండి. ఎన్‌కోడ్ చేసేముందే రెండు ఛానళ్లనూ కలిపి నిజమైన మోనోగా మార్చండి. హిస్ కొంత తగ్గుతుంది, ఫైలూ చిన్నదవుతుంది. టేపు హెడ్ కాస్త పక్కకు తిరిగి ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేసుకోండి, లేకపోతే కలిపాక గొంతు మూసుకుపోతుంది.)

ఇక యూట్యూబ్ నుంచి 320 ఎంపీ3 దింపుకునే సైట్ల సంగతి. యూట్యూబ్ మామూలుగా మనకు ఇచ్చే ఆడియోనే 128 చుట్టుపక్కల ఉండే ఏఏసీ, లేదంటే దానికి కాస్త అటూ ఇటూగా ఉండే ఓపస్ (రెండూ ఎంపీ3 లాగే కుదించే పద్ధతులే). దాన్ని విప్పి మళ్లీ 320 ఎంపీ3గా చుడితే పోయినవి తిరిగి రావు. నీళ్ల పాలు పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? పైగా రెండోసారి ఎన్‌కోడ్ చేసినప్పుడు ఇంకొంచెం పోతుంది. ఫైలు మాత్రం రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికి స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఫైలు అందులో వేస్తే స్పెక్ట్రమ్ బొమ్మ, అంటే ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ వస్తుంది. 320 అని పేరు పెట్టుకుని, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించాల్సిందే. పాత రికార్డింగులకు ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో పైన మొదటి నుంచీ ఏమీ ఉండదు. కొత్త సినిమా పాటలకు బాగానే పనిచేస్తుంది.

మా బాబాయికి హరికథలంటే ప్రాణం. ఆయన దగ్గర పాత క్యాసెట్లు చాలా ఉన్నాయి. ఒక షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చారు. "320లో చేశానన్నాడురా, ఇంక దీనికి తిరుగులేదు" అని సంబరంగా నా చేతిలో పెట్టారు. విన్నాను. దాసుగారి గొంతు బాగానే ఉంది. చిడతలు మొదలయ్యేసరికి విషయం బయటపడింది. చిడత దెబ్బ 'టక్' మని తెగిపోయినట్టు పడాలి. ఇందులో దెబ్బకు ముందే 'ఛ్' అని ఏదో లేస్తోంది, ఆ తర్వాత దెబ్బ మెత్తగా పడుతోంది. బాబాయి క్యాసెట్ తెచ్చి టేపులో పెడితే అదే దెబ్బ సూదిలా ఉంది. "అవును రోయ్, ఇదేంటి ఇలా అయింది?" అన్నారాయన. ఫైలు తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. ముందు తక్కువ బిట్‌రేట్‌లో రికార్డు చేసుకుని, తర్వాత దాన్నే 320కి మార్చారు.

దెబ్బకు ముందు వచ్చే ఆ చప్పుడుని ప్రీ ఎకో అంటారు. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. పెద్ద ముక్కలో 576 శాంపిళ్లు, చిన్న ముక్కలో 192. బిట్లు తగ్గించడానికి అంకెల్ని దగ్గరి విలువకు సవరించడంలో వచ్చే తేడా ముక్కంతా పరుచుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ముక్క చివర్లో చిడత దెబ్బ పడితే, ఆ తేడా దెబ్బకు ముందే వినిపించేస్తుంది. మంచి ఎన్‌కోడర్ ఇది ముందే పసిగట్టి చిన్న ముక్కలకు మారుతుంది. అలా మారినప్పుడు ఎక్కువ బిట్లు కావాలి. 128 అని గీత గీసి కూర్చుంటే ఆ క్షణానికి బిట్లు చాలవు. చిడతలు, గజ్జెలు, తాళాలు, ఘటం మీద వేలి చివర దెబ్బ, సభలో చప్పట్లు, ఇవన్నీ ఎన్‌కోడర్‌కి కఠినమైన పరీక్షలే. ఎన్‌కోడర్లను పరీక్షించేవాళ్లు క్యాస్టనెట్ల శబ్దాన్ని వాడుతుంటారు. మన చిడతలకు అది దగ్గరి చుట్టమే. మీ సెట్టింగ్ సరైనదో కాదో తేల్చుకోవాలంటే మెలోడీ పాట పెట్టకండి, ఇలాంటిదే పెట్టండి.

అందుకే నాకు వేరియబుల్ బిట్‌రేట్ అంటే ఇష్టం. బిట్లు ఎక్కడ కావాలో అక్కడ ఖర్చు పెడుతుంది, అవసరం లేనిచోట మిగులుస్తుంది. లేమ్‌లో వి0 నుంచి వి9 వరకు మెట్లు ఉన్నాయి, అంకె పెరిగేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. వి0 సగటున 245 దగ్గర, వి2 190 దగ్గర ఉంటుంది. ఐదు నిమిషాల పాట 320లో 12 ఎంబీ అయితే వి2లో 7 ఎంబీ చిల్లర. 320 వద్దని నేను అనను. అసలైన సీడీ నుంచి నేరుగా చేసింది అయితే అదీ మంచి ఫైలే. కాకపోతే రెండు పాటల మధ్య నిశ్శబ్దానికి కూడా సెకనుకు 320 కిలోబిట్లు పోయడం నాకు నచ్చదు.

సెట్టింగుల్లో వేలు పెట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. జాయింట్ స్టీరియో అంటే నాసిరకమని ఎవరో ఎప్పుడో చెప్పారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. తక్కువ బిట్‌రేట్‌లో రెండు ఛానళ్లను కలిపేసి, దిక్కుల వివరం పోగొట్టే ఇంటెన్సిటీ స్టీరియో అనే పద్ధతి ఒకటి ఉంది. ఆ చెడ్డపేరు దానివల్ల వచ్చింది. లేమ్ దాన్ని వాడదు. లేమ్ చేసేది, రెండు ఛానళ్ల మొత్తాన్నీ తేడానూ విడివిడిగా దాచడం, అదీ ఏ ఫ్రేముకు (ఫైల్లోని చిన్న ముక్కకు) లాభమో ఆ ఫ్రేముకే. మన సినిమా పాటల్లో గొంతు మామూలుగా మధ్యలోనే ఉంటుంది కాబట్టి దీనివల్ల మంచే జరుగుతుంది. దాన్ని ఆపి సింపుల్ స్టీరియో పెట్టినవాళ్లు బిట్లు వృథా చేస్తున్నారు.

ఇంకొందరు లోపాస్ ఫిల్టర్ (ఒక హద్దు పైనున్న కీచు శబ్దాల్ని కోసేసేది) తీసేస్తారు. వి2లో 18.5 కిలోహెర్ట్జ్ దగ్గర కోత పెట్టారంటే దానికి కారణం ఉంది. ఎంపీ3లో 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్న భాగానికి విడిగా సర్దుబాటు అంకె లేదు. దాన్ని సూక్ష్మంగా దాచాలంటే కింద భాగమంతా కూడా అవసరానికి మించి సూక్ష్మంగా దాచాల్సి వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అసలు వినిపించని శబ్దాల కోసం ఇంత ఖర్చు ఎందుకు? లేమ్ 1998లో మొదలైంది, 3.100 వెర్షన్ 2017లో వచ్చింది. ఆ మధ్యలో ఎంతోమంది చెవులు రిక్కించి విని, తప్పులు పట్టుకుని వి0, వి2 లాంటి ఆ ప్రీసెట్లను (ముందే సిద్ధం చేసిన సెట్టింగులను) సరిదిద్దారు. వాళ్ల కష్టాన్ని గౌరవించండి. వి0 గానీ వి2 గానీ పెట్టి, మిగతావి ముట్టుకోకుండా వదిలేయండి.

వి0 కావాలా వి2 చాలా అని నన్ను అడగొద్దు, మీ చెవుల్నే అడగండి. ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ ప్రోగ్రామ్‌లో ఏబీఎక్స్ అని ఒక పరీక్ష ఉంది. ఏది అసలు, ఏది ఎంపీ3 అన్నది దాచిపెట్టి వినిపిస్తుంది, మీరు కనిపెట్టాలి. 16 సార్లకు 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, అది గుడ్డిగా కొట్టిన దెబ్బ అయ్యే అవకాశం 4 శాతం లోపే. అలా తేల్చుకున్నాక మీకు వి2లో తేడా తెలిస్తే వి0కి వెళ్లండి. తెలియకపోతే వి2తో హాయిగా ఉండండి. ఈ పరీక్ష చేయకుండా "నాకు 320కీ 256కీ తేడా తెలిసిపోతుంది" అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఫోన్‌లో మాత్రమే వినేవాళ్లకు ఎంపీ3 కూడా అక్కర్లేదు. ఓపస్ 128లో చాలామందికి తేడా తెలియదు. కానీ పాత కారు స్టీరియోలు ఓపస్‌ని గుర్తుపట్టవు, నాన్నగారి పెన్‌డ్రైవ్ ప్లేయర్ అసలే పట్టదు. ఎంపీ3 ఎక్కడైనా పాడుతుంది, దాని బలం అదే. కచేరీ సీడీల దగ్గర మాత్రం జాగ్రత్త. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా విడగొట్టి ఉంటే, కొన్ని ప్లేయర్లలో ఎంపీ3 ట్రాకుల మధ్య చిన్న ఖాళీ వస్తుంది. లేమ్ ఎంత ఖాళీ చేరిందో ఫైల్లో రాసి పెడుతుంది, ఆ ప్లేయర్లు చదవవు. తానం సాగుతుండగా మధ్యలో అలా తెగితే ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటి సీడీని ఫ్లాక్ అనే, ఏదీ వదిలేయని ఫార్మాట్‌లోనే వినండి.

అసలు ఇంట్లో దాచుకునే కాపీ ఎప్పుడూ ఫ్లాక్‌లోనే ఉండాలి. అందులో ఒక్క బిట్ కూడా పోదు, సీడీ సైజులో సగం దగ్గరకు వస్తుంది. 0 నుంచి 8 వరకు లెవెళ్లు ఉంటాయి, ఏది పెట్టినా నాణ్యత ఒకటే. సైజులోనూ ఎన్‌కోడ్ అయ్యే సమయంలోనూ తప్ప తేడా ఉండదు కాబట్టి అక్కడ టెన్షన్ పడాల్సింది లేదు. ఎంపీ3లన్నీ దాని నుంచే చేసుకోవాలి, ఒక ఎంపీ3 నుంచి ఇంకో ఎంపీ3 చేయకూడదు. బాబాయి హరికథలు మళ్లీ అలాగే చేస్తున్నాం. క్యాసెట్ నుంచి నేరుగా ఫ్లాక్, ఆయన కారు కోసం వి2. చిడతలు ఇప్పుడు చిడతల్లా ఉన్నాయి.

పాత పాటలు పదిమందికీ పంచేవాళ్లకు నాదొక విన్నపం. ఫైలు పేరులో 320 అని రాయకండి, ఆ అంకె ప్లేయరే చూపిస్తుంది. లేమ్ ఏ సెట్టింగ్‌లో చేసిందో కూడా చాలావరకు ఫైల్లోనే రాసి ఉంటుంది. ఏ యంత్రానికీ తెలియని సంగతి మీకొక్కరికే తెలుసు. అది సీడీయా, క్యాసెట్టా, గ్రామఫోన్ రికార్డా, రేడియో నుంచి పట్టిందా, ఇంకొకరు పంపిన ఎంపీ3 నుంచి మార్చిందా? ట్యాగ్‌లో కామెంట్ అనే గడి ఖాళీగా ఉంటుంది, అక్కడ ఆ ఒక్క ముక్క రాసి పెట్టండి.