ముక్కు సాగదీస్తే సరిపోదు
వ్యంగ్య చిత్రం బలమంతా ముక్కు, చెవులు సాగదీసి గీయడంలోనే ఉందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఇలస్ట్రేషన్ రెండో ఏడాది చదువుతున్న నాకు అలా అనిపించడం లేదు. ఈ సెమిస్టర్‌లో ఒకే బొమ్మని మూడు రకాలుగా గీశాను. మోకాలి లోతు వాన నీళ్లలో నిలబడి, గొడుగు కింద రిబ్బన్ కత్తిరిస్తున్న నాయకుడు. ముక్కు, పొట్ట కొలతలు మూడింట్లోనూ ఒకటే. పాళీని ఇండియన్ ఇంకులో (చిక్కటి నల్ల సిరాలో) ముంచి సన్న గీతలతో నింపితే మనిషి అలిసిపోయినట్టు కనిపించాడు, చూసినవాళ్లు పాపం అన్నారు. కుంచెతో గీసినప్పుడు మెడ దగ్గర చెయ్యి కాస్త గట్టిగా పడి గీత లావైంది. ఆ ఒక్క గీతతో అహంకారం మొత్తం వచ్చేసింది. ట్యాబ్‌లో గీసింది మాత్రం మరీ నున్నగా, పెళ్లి కార్డు మీద బొమ్మలా తయారైంది (ట్యాబ్ తప్పని కాదు, ఆ బ్రష్ సెట్టింగులు నాకింకా పట్టుబడలేదు). రాజుని అవమానించాడన్న కేసులో 1831లో పారిస్ కోర్టుకెక్కిన ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారుడు షార్ల్ ఫిలిపాన్ అక్కడ చేసిన పని చూడండి. రాజు లూయీ ఫిలిప్ ముఖాన్ని నాలుగు బొమ్మల్లో బేరిపండుగా మార్చేశాడు. అందులో ముఖం వివరాలు ఒక్కొక్కటే తగ్గుతూ పోతాయి. ఆయనకి శిక్ష తప్పలేదు గానీ, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో ఉత్త బేరిపండు గీసినా అది రాజేనని జనం పోల్చుకునేవాళ్లు. ఇప్పుడు నేనూ అదే ప్రయత్నిస్తున్నాను. నిన్న కళ్లద్దాలు, కండువా ఉంచి తక్కినవన్నీ తీసేస్తే, అదెవరో మా తమ్ముడు చూడగానే చెప్పేశాడు.