డజను బ్లేళ్ల ఆత్మార్పణ

దేశానికి చాలా సమస్యలున్న మాట నిజమే. అలాగని టేకు పెట్టె మూతలో పొదిగిన ఇత్తడి తామరపువ్వు లేని లోటును ఎన్నాళ్లని ఓర్చుకుంటాం? అందుకే నేను రంగంలోకి దిగాను. భాష కూడా నా పక్షానే ఉంది: పువ్వుదీ రేకే, ఇత్తడిదీ రేకే. మధ్యలో కోయడమొక్కటే మిగిలింది.

కంసాలివారి విల్లు రంపం, మిల్లీమీటరు మందం రేకు, పీచులాంటి బ్లేళ్లు ఒక డజను కొన్నాను. ఈ బ్లేళ్లను డజన్ల లెక్కనే అమ్ముతారు, లేదంటే ఏకంగా 144. తయారుచేసేవాడికి మన సంగతి ముందే తెలుసు.

మొదటిది బిగిస్తుండగానే పోయింది. రెండోది తలకిందులుగా బిగించాను. పళ్లు పిడి వైపు చూడాలి, కిందికి లాగినప్పుడే కోత పడాలి. ఆ తర్వాతి ఐదూ మలుపుల దగ్గర అమరులయ్యాయి. మలుపులో రంపాన్ని ముందుకు తోయకూడదు. ఉన్నచోటే పైకీ కిందికీ ఆడిస్తూ రేకును మెల్లగా తిప్పాలి. అంటే, అంగుళం కూడా ముందుకు పోకుండా పని మాత్రం జరుగుతూనే ఉండాలి. మన ఆఫీసుల్లో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది, అక్కడ ఒక్క బ్లేడూ విరగలేదు. తేనెమైనం రాయమన్నారు, రాశాను. ఎనిమిదోది చాలా నునుపుగా విరిగింది.

ఫ్రాన్సులో ఆంద్రె షార్ల్ బూల్ అనే వడ్రంగి మహానుభావుడు 1672లో పద్నాలుగో లూయీ కొలువులో చేరాడు. ఇత్తడి రేకునూ తాబేటి చిప్పనూ కలిపి అంటించి ఒకే కోతలో కోస్తే, చిప్పలో ఇత్తడి పువ్వు ఒక బీరువాకి, మిగిలిన ఇత్తడిలో చిప్ప పువ్వు దాని జత బీరువాకి. తరుగు కూడా సొమ్మే! నగల కొట్టులో తరుగు కట్టించుకున్న జాతికి ఇది నమ్మశక్యం కాదు.

ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి తార్‌కశీ వాళ్లకి ఈ రంపం గొడవే లేదు. శీషం చెక్కలో సన్నని గాడి తీసి, ఇత్తడి తీగను సుత్తితో దించేస్తారు. ఒకప్పుడు పాంకోళ్ల మీద కూడా చేశారు. తొక్కే చెక్కకి అంత ఓపిక!

పదకొండో బ్లేడు పోయేసరికి ఎనిమిది రేకుల తామరలో ఐదు మిగిలాయి. నిజానికి కోసిన ముక్కను చెక్క మీద పెట్టి, చుట్టూ చాకుతో గీసి, ఆ తర్వాతే గుంట తవ్వాలి. నేను ముందుచూపున్నవాణ్ని, ఎనిమిది రేకులకీ ముందే తవ్వేశాను.

"నందివర్ధనం బాగా కుదిరింది నాన్నా, ఆ మూడు గుంటలూ ఎందుకు?" అంది అమ్మ.

కుంకుమకీ అక్షింతలకీ అన్నాను. పెట్టెలో మాత్రం ప్రస్తుతం పన్నెండో బ్లేడు ఉంది, దూదిలో చుట్టి.