చపాతీతో కడుపు బరువు: గోధుమ వంగడం కన్నా పిండి పులిసే సమయం ముఖ్యం

తిరుపతిలో ఎవరికైనా షుగర్ ఉందని తేలితే ఆ ఇంట్లో మొదట మారేది రాత్రి భోజనం. అన్నం పోయి చపాతీ వస్తుంది. కొన్నాళ్లకు కడుపు ఉబ్బరం, గ్యాస్ మొదలైతే ‘గ్లూటెన్ పడటం లేదు’ అనుకుని గోధుమ మానేస్తారు. చాలామంది విషయంలో ఇది తొందరపాటు.

గ్లూటెన్ అంటే గోధుమపిండికి సాగుడు ఇచ్చే ప్రోటీన్ల అల్లిక. దానితో అసలైన ప్రమాదం సీలియాక్ జబ్బు ఉన్నవారికి. ప్రపంచ జనాభాలో వీరు సుమారు 1 శాతం. గ్లూటెన్‌లోని గ్లయాడిన్ అనే ప్రోటీన్ ముక్కలు వీరి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. గోధుమ అలర్జీ ఇంకో సంగతి, అదీ కొద్దిమందికే. మిగిలినవారిలో ఉబ్బరానికి తరచుగా కారణమయ్యేది ఫ్రక్టాన్. గింజలో 1 నుంచి 2 శాతం ఉండే ఈ పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము మనిషికి లేదు. అది పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి బాక్టీరియా చేతిలో పులిసి గ్యాస్ అవుతుంది.

ఈ తేడా తెలియకపోతే పరిష్కారం దారి తప్పుతుంది. ఫ్రక్టాన్‌ను విడగొట్టే పని ఈస్ట్ చేస్తుంది, దానికి సమయం కావాలి. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, బ్రెడ్ పిండిలో ఫ్రక్టాన్, దానిలాగే గ్యాస్ పుట్టించే చక్కెరలు గంట దగ్గర గరిష్ఠంగా ఉండి, నాలుగు గంటలు దాటేసరికి దాదాపు 90 శాతం తగ్గాయి. అంటే గంటలో పొంగించి కాల్చిన బన్ను తిన్నవారికి ఇబ్బంది రావడంలో వింత లేదు. పిండి కలిపి అరగంట నానబెట్టే మన చపాతీలో ఈ మార్పు జరగనే జరగదు.

ఇంట్లో చేయదలిస్తే 200 గ్రాముల గోధుమపిండికి 140 మి.లీ. నీళ్లు, 2 గ్రాముల ఉప్పు, పావు చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్ చాలు. పిండిమిల్లులో రాళ్ల మధ్య నలిగిన పిండిలో స్టార్చ్ రేణువులు చితికి నీరు ఎక్కువ పీలుస్తాయి కాబట్టి ఇంకో 10 మి.లీ. పట్టవచ్చు. మూతపెట్టి నాలుగు గంటలు వదలాలి. పెరుగు ఒక్కటే కలిపితే పులుపు వస్తుంది, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ కొంత తగ్గి ఇనుము, జింకు ఒంటికి పట్టడం మెరుగవుతుంది. కానీ పెరుగులోని బాక్టీరియా ఫ్రక్టాన్ జోలికి పెద్దగా పోదు. అందుకే ఈస్ట్ తప్పదు.

మే నెల ఎండల్లో మాత్రం ఇది సులువుగా చెడుతుంది. మూడు గంటలు దాటాక పిండిని వేలితో లాగి చూడాలి. సాగకుండా తెగుతూ చేతికి అంటుకుంటుంటే పులుపు మీరినట్టే. ఆమ్లం పెరిగేకొద్దీ గోధుమలో సహజంగా ఉన్న ప్రోటీజ్ ఎంజైములు చురుకై గ్లూటెన్ అల్లికను తెంచేస్తాయి. అలాంటి పిండిని కర్రతో ఒత్తితే చిరిగిపోతుంది. దాన్ని గట్టిపరచడానికి పొడిపిండి కలిపితే తగ్గించుకున్న ఫ్రక్టాన్ మళ్లీ చేరుతుంది. చేతికి నూనె రాసుకుని పెనం మీదే మందంగా తట్టి కాల్చుకోవడం మేలు. గిన్నెను చల్లని నీళ్ల పళ్లెంలో పెడితే ముందే ఈ అవస్థ తప్పుతుంది.

అయితే ఎంత పులియబెట్టినా సీలియాక్ ఉన్నవారికి ఈ రొట్టె పనికిరాదు. గ్లయాడిన్‌లోని 33 అమైనో ఆమ్లాల ఒక ముక్కను మన జీర్ణ ఎంజైములే విడగొట్టలేవని 2002లోనే తేలింది. వంగడాలను తీర్చిదిద్దే శాస్త్రానికి ఇక్కడే నిజమైన పని ఉంది. స్పెయిన్‌లోని కోర్డోబా శాస్త్రవేత్తలు 2018లో జన్యుసవరణతో ఒక గోధుమ రకంలోని 45 ఆల్ఫా గ్లయాడిన్ జన్యువుల్లో 35 దాకా మార్చి, రోగనిరోధక ప్రతిస్పందనను 85 శాతం తగ్గించగలిగారు. గొప్ప ముందడుగే. కానీ మిగిలిన 15 శాతం కూడా రోగికి హాని చేయగలదు. పైగా పిండి సాగడానికి ఆధారం గ్లయాడినే. దాన్ని పూర్తిగా తీసేస్తే చపాతీ ఒత్తగానే వెనక్కి ముడుచుకుంటుంది.

మన దేశంలో ఇలాంటి పంటకు దారి మూసి లేదు. బయటి జన్యువులు చేర్చని కొన్ని రకాల జన్యుసవరణకు 2022లో నిబంధనలు సడలించారు. సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లో జన్యుసవరణతో రూపొందిన డీఆర్ఆర్ ధాన్ 100 అనే వరి రకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. గోధుమలో ఈ పద్ధతిని సీలియాక్ రోగుల కోసం వాడాలన్నది మా అభిప్రాయం. ఫ్రక్టాన్ తగ్గించడానికి వాడటం అనవసరం. పేగులోని మంచి బాక్టీరియాకు అది ఆహారం, పడనివారు పులియబెట్టి తగ్గించుకోగలరు.

షుగర్ రోగికి కావలసింది అసలు వేరు, స్టార్చ్ నెమ్మదిగా అరగడం. స్టార్చ్‌కు కొమ్మలు వేసే ఎంజైమును అణచి, నెమ్మదిగా అరిగే అమైలోజ్ అనే రకం స్టార్చ్‌ను 70 శాతం దాటించిన గోధుమను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. మామూలు గోధుమ స్టార్చ్‌లో అది పావువంతే.

పాతరకం కదా అని ఖప్లీ గోధుమను నమ్ముకునేవారు ఒకటి గమనించాలి. మామూలు గోధుమలోని డి జన్యుసముదాయం దానికి లేకపోవడం నిజమే, 33 అమైనో ఆమ్లాల ఆ ముక్క ప్రధానంగా వచ్చేది అక్కడి నుంచేనన్నదీ నిజమే. అయినా ఖప్లీలో గ్లూటెన్ ఉంది. సీలియాక్ ఉన్నవారు ముట్టకూడదు. అనుమానం ఉన్నవారు గోధుమ తింటున్నప్పుడే సీలియాక్‌ను పట్టే టీటీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేసిన కొన్ని నెలలకు చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

చిత్తూరు వైపు సీలియాక్ రోగికి సంగటి ఉండనే ఉంది, రాగుల్లో గ్లూటెన్ లేదు. చిక్కంతా పిండిమిల్లులో. గ్లూటెన్ లేని ఆహారమంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. గోధుమపిండిలో గ్లూటెన్ పదోవంతు అనుకుంటే కిలో రాగిపిండిలో 0.2 గ్రాముల గోధుమపిండి కలిసినా ఆ హద్దుకు చేరినట్టే. అంతకు ముందు గోధుమలు ఆడించిన రాళ్ల సందుల్లో, గుడ్డసంచి మడతల్లో అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. చిటికెడు రాగులు ముందుగా ఆడించి పారబోస్తే అది పోదు. ఇంట్లో విడిగా ఒక మిక్సీ జార్, విడిగా ఒక జల్లెడ పెట్టుకోవాలి. లేదా రాగులు మాత్రమే ఆడించే రాయి ఉన్న మిల్లు వెతుక్కోవాలి. రేపు గ్లయాడిన్ లేని గోధుమ వచ్చినా ఇదే రాయిలో ఆడిస్తే దాని ప్రయోజనం పోయినట్టే. కనుక విత్తనంతో పాటు విడి మిల్లుకూ, విడి గోదాముకూ ఇప్పుడే డబ్బు కేటాయించాలి.