కొట్టివేయడానికే పుట్టిన ధర

ధరల మీదా, పోటీ మీదా, కొనుగోలుదారుల మనస్తత్వం మీదా అర్థశాస్త్రజ్ఞులు ఇన్నేళ్లుగా చేస్తున్న పరిశోధనలకు అసలైన ప్రయోగశాల ఎక్కడుందో నాకు మొన్న కర్నూలులో తెలిసింది. అది ఒక బట్టల కొట్టు వెనకగది. అక్కడ ఒక పిల్లవాడు బాసిపట్టు వేసుకొని కూర్చుని, చొక్కాల చీటీల మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో మొదట 1,299 అని రాసి, సిరా ఆరకముందే దానిని అడ్డంగా కొట్టివేసి, కింద 499 అని వేస్తున్నాడు.

"నాయనా, వీటిని 1,299కి ఎన్నాళ్లు అమ్మినారు?" అని అడిగాను.

"యాడ అమ్మినాము సార్, కొట్టేసినాము కదా" అన్నాడు.

1974లో టెవర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగే చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని అని జనాన్ని అడిగిన సంగతి ప్రచురించారు. 10 చూసినవారు 25 దరిదాపుల్లో, 65 చూసినవారు 45 దరిదాపుల్లో చెప్పారట. సంబంధం లేని అంకె కూడా బుద్ధికి లంగరు వేస్తుందన్నమాట. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సముద్రమే ఎరుగని కర్నూలులో రోజుకు రెండు వందల లంగర్లు వేస్తున్న మా వాడికి కూలి, ఒక టీ వస్తున్నాయి.

నేను చూస్తుండగానే వాడు అలవాటు కొద్దీ 499ని కూడా కొట్టివేశాడు. యజమాని పరుగున వచ్చి, "అసలు రేటే కొట్టేస్తివి కదరా!" అని నెత్తి బాదుకున్నాడు. చీటీ వృథా చేయడానికి మనసొప్పక, కాసేపు ఆలోచించి, దాని కింద 599 అని వేసి గల్లాపెట్టె పక్కన తగిలించాడు. రెండు ధరలు నేలకూలిన ఆ చొక్కాను చూసి ఒక పెద్దమనిషి, "రెండుమార్లు తగ్గించినారంటే బ్రహ్మాండమైన సరుకే" అంటూ రెండు తీసుకున్నాడు. అమెరికాలో ఆండర్సన్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆడవారి గౌనును తపాలా కేటలాగులలో 34, 39, 44 డాలర్లకు పెట్టి, 34 కంటే తొమ్మిదితో ముగిసే 39కే ఎక్కువ అమ్ముడైందని 2003లో ప్రకటించారు. వారు వేర్వేరు కేటలాగులు అచ్చు వేయించుకోవలసి వచ్చింది, మా వాడికి ఒక్క గీత సరిపోయింది.

ఇంతవరకు నాకు కోపం లేదు; నేనూ ఒకటి కొన్నాను. కోపమొచ్చింది, ఆ చొక్కా తొడుక్కుని ఉల్లి మండీకి పోయినప్పుడు. సంపూర్ణ పోటీకి ఉదాహరణ చెప్పమంటే పాఠ్యపుస్తకం వ్యవసాయాన్నే చూపుతుంది: అమ్మేవారు లెక్కలేనంతమంది, సరుకు ఒకటే, ధర నిర్ణయించే శక్తి ఎవరికీ లేదు, కనుక రైతు 'ధర స్వీకర్త'. శాలువా కప్పి ఇచ్చినట్టుంది బిరుదు! కొనేవారూ అంతేమంది ఉంటారని ఆ పుస్తకం నమ్మకం. నేను లెక్కపెట్టాను. కుప్ప చుట్టూ నలుగురు. ఆ నలుగురూ ఒకే టీకొట్టు బల్ల మీద నుంచి లేచి వచ్చినవారే. కొనేవాడు ఒక్కడే ఉన్న బజారును జోన్ రాబిన్సన్ అనే అర్థశాస్త్రజ్ఞురాలు 1933లోనే మోనాప్సనీ అన్నది. మనం దానిని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కాపాడుకుంటున్నాం. సిగ్గుండాలి! చొక్కా ధర చివరనున్న తొమ్మిదికి అంత శాస్త్రం రాసినవారికి, ఇక్కడ లంగరు వేసేది కొనేవాడని, దానిని పాతాళానికి వేస్తాడని, ఆ మొదటి వేలం పాట నుంచి పైకి పాకలేక చచ్చేది రైతని తెలియదా? వచ్చిన దాంట్లో తరుగు, కమీషన్, హమాలీ, లారీ బాడుగ పోగా ఏం మిగిలిందో అడిగే ధైర్యం నాకు చాలలేదు.

బట్టల కొట్టు మీద 'ఆఫరు ఈ ఆదివారంతో సరి' అన్న బ్యానరు ఉగాది నుంచి వేలాడుతోంది. చొక్కా ఎన్ని ఆదివారాలైనా కాచుకుంటుంది. పాట నచ్చకపోతే రేపటిదాకా ఆగరాదా అని అక్కడున్న ఒక రైతును అడిగాను. ఆయన సంచి మూతి విప్పి, వానకు తడిసిన గడ్డ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. బొటనవేలు ఆనిస్తే లోపలికి దిగిపోయింది.

"ఇది ఆగమంటే ఆగుతుందా సార్?" అన్నాడు.