సవరణ: జననాంగ హెర్పిస్ తిరగబెట్టినప్పుడు మందు ఎప్పుడు మొదలుపెట్టాలి

జననాంగ హెర్పిస్ (లైంగిక సంపర్కం వల్ల అంటుకుని, జననాంగాల దగ్గర పొక్కులు, పుండ్లు తెచ్చే వైరస్ వ్యాధి) గురించి ఇంతకుముందు రాసినదానిలో ఉన్న "పొక్కులు లేచాక మందు మొదలుపెట్టాలి, పుండు మానితే ఎదుటివారికి అంటదు" అన్న వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి.

మందు మొదలుపెట్టడానికి పొక్కులు లేచేదాకా ఎదురుచూడకూడదు. చాలామందికి పొక్కు లేవడానికి కొన్ని గంటల ముందో, ఒకటి రెండు రోజుల ముందో అదే చోట చిమచిమలాడటం, మంట, పిరుదు నుంచి తొడలోకి లాగుతున్నట్టు నొప్పి మొదలవుతాయి. ఆ సూచన తెలియగానే, ఆలస్యమైనా పొక్కు లేచిన 24 గంటలలోపే, వైరస్‌ను అణిచే మాత్రలైన ఎసైక్లోవిర్ గానీ వాలసైక్లోవిర్ గానీ మొదలుపెడితేనే ఫలితం బాగుంటుంది కాబట్టి, డాక్టరు రాసిచ్చిన మాత్రలను ముందుగానే దగ్గర ఉంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. పైపూత మందుల వల్ల పెద్దగా ప్రయోజనం లేదు.

తరచుగా తిరగబెట్టేవారు రోజూ మాత్ర వేసుకుంటే, ఆ దాడులు 70 నుంచి 80 శాతం వరకు తగ్గుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు మార్చవలసి ఉంటుంది.

ఇక అంటుకోవడం సంగతి. పుండు పూర్తిగా మానిన తరువాత కూడా, పైకి ఏ లక్షణమూ లేని రోజుల్లో, వైరస్ చర్మం మీదికి వస్తూనే ఉంటుంది. రోజూ వాలసైక్లోవిర్ వాడటం, కండోమ్ వాడటం ఆ ముప్పును తగ్గిస్తాయి గానీ పూర్తిగా తొలగించవు. గర్భిణులు తమకు గానీ భర్తకు గానీ ఈ వ్యాధి ఉన్న సంగతి కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.