విదేశీ టెస్టుల్లో గెలుపోటములు తేలేది ఆరో వికెట్ పడ్డాకే

విదేశాల్లో టెస్టు సిరీస్ ఓడిన ప్రతిసారీ కారణాలు దాదాపు ఒకేలా వినిపిస్తాయి. టాపార్డర్ స్వింగ్ ఆడలేకపోయింది, లేదంటే స్పిన్ ఆడలేకపోయింది, ప్రాక్టీస్ మ్యాచ్‌లు చాలలేదు, టాస్ కలిసిరాలేదు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ ఆతిథ్య జట్టు టాపార్డర్ కూడా అదే పిచ్ మీద చాలాసార్లు కుప్పకూలుతూనే ఉంటుంది కదా, 80కి 5, 90కి 7 అంటూ. తేడా అంతా ఆ తర్వాతే కనిపిస్తుంది. పాత స్కోరుకార్డులు ముందేసుకుని కూర్చుంటే నాకు అర్థమైంది ఇదీ: పర్యాటక జట్టు భవితవ్యం చాలావరకు ఆరో వికెట్ పడ్డాక జరిగే ఆటలో తేలుతుంది. ఏడు నుంచి పదకొండు దాకా బ్యాటింగ్‌కి వచ్చేవాళ్లు, కొత్త బంతి బౌలర్లు అలిసిపోయాక బంతి అందుకునే మూడో, నాలుగో బౌలర్ల చేతుల్లోనే అసలు ఆట ఉంటుంది. పేపర్లలో ఫొటోలు మాత్రం వీళ్లవి తక్కువే పడతాయి.

2018లో ఇంగ్లండ్‌లో భారత్ 1-4తో ఓడింది. ఆ స్కోరు చూస్తే ఏకపక్షంగా సాగిందనుకుంటాం గానీ, ఎడ్జ్‌బాస్టన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 87కి 7 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి సామ్ కరన్ 63 కొట్టి స్కోరును 180కి లాక్కెళ్లాడు, భారత్ 31 పరుగులతో ఓడిపోయింది. సౌతాంప్టన్‌లో మళ్లీ అదే కథ. 86కి 6 నుంచి 246కి వెళ్లారు, కరన్ 78, ఓటమి తేడా 60. అంతకు ముందు 2011లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ 124కి 8. అప్పటికే జహీర్ ఖాన్ లార్డ్స్‌లో గాయపడి దూరమయ్యాడు. స్టువర్ట్ బ్రాడ్ 64 బాదాడు, స్కోరు 221కి చేరింది, ఆ మ్యాచ్ చివరికి 319 పరుగుల పరాజయమైంది. తోక, అంటే చివర్లో వచ్చే బ్యాటర్ల వరుస, తెగని ప్రతిచోటా మ్యాచ్ చేజారింది.

ఇది విదేశాల్లోనే ఎందుకింత దెబ్బ కొడుతుంది? ప్రపంచస్థాయి బౌలర్ ఎక్కడైనా వికెట్లు తీస్తాడు. స్టెయిన్ నాగ్‌పూర్‌లో 7 వికెట్లు తీశాడు, బుమ్రా మెల్‌బోర్న్‌లో 6 తీశాడు, వాళ్లకు ఊరుతో పనిలేదు. ఇబ్బందల్లా వాళ్ల వెనకాల వచ్చేవాళ్లతోనే. ఆతిథ్య జట్టు నాలుగో బౌలర్ అదే నేల మీద, అదే బంతితో ఏళ్ల తరబడి దేశవాళీ క్రికెట్ ఆడినవాడు. ఏ లెంగ్త్‌లో వేస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పర్యాటక జట్టు నాలుగో బౌలర్ ఆ లెంగ్త్ కనిపెట్టేసరికి రెండో టెస్టు కూడా అయిపోతుంది. దానికి తోడు ఆస్ట్రేలియాలో కూకబురా బంతి సీమ్ అణిగిపోయి మెత్తబడ్డాక, రెండో కొత్త బంతి వచ్చేదాకా, అంటే 80 ఓవర్లు పూర్తయ్యేదాకా పరుగులు కట్టడి చేయడం మామూలు పని కాదు. అప్పుడు క్రీజులో ఉండేది సరిగ్గా ఆ ఏడు, ఎనిమిది నంబర్లవాళ్లే, అది కూడా చిన్నప్పటి నుంచీ ఆ బౌన్స్‌కి అలవాటుపడినవాళ్లు.

పర్యాటక జట్లు గెలిచిన మ్యాచ్‌లు తీసుకోండి. 2021 జనవరి, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానం. అందరికీ గుర్తున్నది పంత్ 89 నాటౌట్, 328 పరుగుల ఛేదన. కానీ మొదటి ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 369కి జవాబుగా భారత్ 186కి 6 ఉన్నప్పుడు శార్దూల్, సుందర్ కలిసి 123 పరుగులు జోడించకపోతే ఆ ఛేదన దాకా మ్యాచ్ వచ్చేదే కాదు. ఆ మ్యాచ్‌లో భారత బౌలింగ్ చూస్తే నవ్వొస్తుంది. సుందర్, నటరాజన్‌లకు అదే తొలి టెస్టు. సిరాజ్, సైనీ, శార్దూల్ ముగ్గురూ అప్పటికి ఆడినవి కలిపితే నాలుగు టెస్టులు. మొదటి ఇన్నింగ్స్‌లో నటరాజన్, శార్దూల్, సుందర్ తలా మూడు తీశారు, రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 5, శార్దూల్ 4. ఎదురుగా ఆస్ట్రేలియా అదే నలుగురు బౌలర్లను నాలుగు టెస్టులూ ఆడించింది, పుజారా వాళ్ల చేత బంతులు వేయిస్తూనే ఉన్నాడు, చివరి రోజు ఒక్కడే 211 బంతులాడాడు. పుజారా స్ట్రైక్‌రేట్ మీద చర్చలు పెట్టినవాళ్లు ఈ లెక్క వదిలేశారు. పైన ఒకడు బౌలర్ల కాళ్లు లాగేస్తేనే కింద ఇంకొకడు షాట్లు ఆడగలడు.

అదే గబ్బాలో 2024 జనవరిలో వెస్టిండీస్ 8 పరుగులతో గెలిచింది. షమార్ జోసెఫ్ బొటనవేలికి దెబ్బ తగిలినా 7 వికెట్లు తీశాడు, ఆ పేరు రావాల్సిందే. అయితే ఆ జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 64కి 5 అన్న సంగతి ఎందరికి గుర్తుంది? హాడ్జ్, జోషువా డ సిల్వా నిలబెట్టారు, తొలి టెస్టు ఆడుతున్న కెవిన్ సింక్లెయిర్ ఎనిమిదో నంబర్‌లో 50 కొట్టాడు, 311 అయింది. ఎనిమిది పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో ఆ యాభై విలువెంతో వేరే చెప్పాలా.

ఇక భారత్‌కు వచ్చి గెలిచిన జట్లు. సొంతగడ్డ మీద వరుసగా 18 సిరీస్‌లు నెగ్గిన జట్టును 2024లో న్యూజిలాండ్ 3-0తో ఓడించింది. బెంగళూరులో 46 ఆలౌట్ గురించే అందరూ మాట్లాడతారు. తర్వాత న్యూజిలాండ్ కూడా 233కి 7 అయింది. అక్కడ టిమ్ సౌథీ 65 కొట్టి రచిన్ రవీంద్రతో 137 జోడించాడు. ఆ భాగస్వామ్యం లేకపోతే భారత్ రెండో ఇన్నింగ్స్‌లో చేసిన 462 మ్యాచ్‌ను మలుపు తిప్పి ఉండేది. 2025 నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చింది. గువాహటిలో మొదటి రోజు 247కి 6, చివరికి 489. ముత్తుసామి 109, తొమ్మిదో నంబర్‌లో యాన్సెన్ 93. అదే యాన్సెన్ తర్వాత 6 వికెట్లు తీశాడు. 408 పరుగుల ఓటమి అలా మొదలైంది.

అదే సిరీస్‌లో కోల్‌కతా టెస్టు ఇంకో రకం. బంతి గిర్రున తిరిగే పిచ్ తయారు చేయించుకున్నారు, అడిగింది ఇలాంటిదేనని కోచ్ గంభీరే ఒప్పుకున్నాడు. నాకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. పిచ్ ఎంత విపరీతంగా ఉంటే రెండు జట్ల స్పిన్నర్ల మధ్య తేడా అంత తగ్గిపోతుంది, హార్మర్ అయినా జడేజా అయినా అక్కడ ఒకటే. రెండో ఇన్నింగ్స్‌లో దక్షిణాఫ్రికా 91కి 7 ఉన్నప్పుడు బవుమాతో కలిసి కార్బిన్ బాష్ 44 జోడించాడు. 124 ఛేదించాల్సిన భారత్, గిల్ మెడనొప్పితో బ్యాటింగ్‌కి రాలేని పరిస్థితిలో, 93కే ఆలౌట్. తేడా 30 పరుగులు. అలాంటి పిచ్ మీద ఎనిమిదో వికెట్‌కు 44 అంటే మ్యాచ్ అక్కడే అయిపోయినట్టు.

అలాగని జట్టు నిండా ఆల్‌రౌండర్లను కుక్కేస్తే సరిపోతుందా? 2025 ఇంగ్లండ్ పర్యటనలో భారత్ దాదాపు ఇదే చేసింది. లీడ్స్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో చివరి 7 వికెట్లు 41 పరుగులకే పోవడంతో బెంబేలెత్తిపోయి ఎనిమిదో నంబర్ దాకా బ్యాటింగ్ ఉండాలని పట్టుబట్టారు. దాని ఫలితం మాంచెస్టర్‌లో కనిపించింది, జడేజా, సుందర్ శతకాలతో ఓటమి తప్పింది. కానీ ఐదు టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ స్పిన్నర్ కుల్‌దీప్ ఆడలేదు. సిరీస్ 2-2. కుల్‌దీప్ ఉంటే 3-1 అయ్యేదని ఎవరూ రాసివ్వలేరు గానీ, పరుగుల కోసం వికెట్లు తీసేవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు మింగుడు పడలేదు.

ఎందుకంటే 2012లో ఇంగ్లండ్ సరిగ్గా దీనికి ఎదురు పని చేసి గెలిచింది. అహ్మదాబాద్‌లో ఒక్క స్వాన్‌నే స్పిన్నర్‌గా నమ్ముకుని 9 వికెట్లతో ఓడారు. ముంబైలో మరో స్పిన్నర్ పనేసర్‌ను తెచ్చారు. అతనికి బ్యాటింగ్ అంతంత మాత్రమేనని లోకానికంతా తెలిసిందే! కానీ అతను 11 వికెట్లు తీశాడు, స్వాన్ 8 తీశాడు, ఇరవైలో పందొమ్మిది ఆ ఇద్దరివే. సిరీస్ 2-1తో ఎగరేసుకుపోయారు. 1980 నుంచి 1995 దాకా వెస్టిండీస్ పదిహేనేళ్ల పాటు ఒక్క సిరీస్ కూడా ఓడకపోవడానికి కారణం కూడా ఇదే, మొదటి ఇద్దరు పేసర్లను తట్టుకుని ఊపిరి పీల్చుకుందామనుకుంటే తర్వాత వచ్చే ఇద్దరూ అదే వేగంతో వచ్చేవాళ్లు. కాబట్టి చూడాల్సింది ముందు బౌలింగే. వికెట్లు తీసే ఇద్దరు సమానంగా కనిపిస్తే అప్పుడు బ్యాట్ పట్టుకోగలిగినవాణ్ణి తీసుకోవాలి. బ్యాట్స్‌మన్‌కి నాలుగు ఓవర్లు ఇచ్చి బౌలర్ అనిపించడం వేరే విషయం.

కింద వరుస బ్యాటింగ్, వెనకాల వచ్చే బౌలర్లు, ఈ రెండూ 2024 డిసెంబర్ మెల్‌బోర్న్ టెస్టులో ఒకే మ్యాచ్‌లో కనబడతాయి. భారత్ 221కి 7 ఉన్నప్పుడు ఎనిమిదో నంబర్‌లో వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి, సుందర్ కలిసి 127 జోడించారు. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా అవుటైపోయాడు, సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు ఎలాగో ఆపాడు, చూసేవాళ్లందరికీ ఒకటే టెన్షన్, తర్వాతి ఓవర్లో బోలండ్‌ను నేరుగా బౌండరీ కొట్టి నితీశ్ వంద పూర్తి చేశాడు. కింద వరుస చేయగలిగినదంతా చేసింది. తర్వాత ఆస్ట్రేలియా 91కి 6 అయింది, గెలుపు కళ్లముందు కనబడింది. బుమ్రా 5 వికెట్లు తీశాడు కానీ అవతలి ఎండ్ నుంచి ఒత్తిడి నిలబడలేదు. లయన్, బోలండ్ చివరి వికెట్‌కు 61 చేశారు, 234 అయింది, 340 లక్ష్యం ముందు భారత్ 155కి ఆలౌట్. ఆ సిరీస్‌లో బుమ్రాకు 32 వికెట్లు, ఆస్ట్రేలియా గడ్డ మీద ఏ భారత బౌలరూ ఒక సిరీస్‌లో అన్ని తీయలేదు. సిడ్నీలో చివరి ఇన్నింగ్స్‌లో నడుం పట్టేసి అతను బంతి పట్టలేకపోయాడు, ఆస్ట్రేలియా 162ను 4 వికెట్లు పోగొట్టుకుని కొట్టేసింది, సిరీస్ 3-1.