వివరణ: చీమలు, పేనుబంకల స్నేహం ఎంతవరకు?

చీమలు, పేనుబంక అనే చిన్న పురుగులు ఒకదానికొకటి సాయం చేసుకుంటాయని నిన్నటి పోస్టులో రాశాను కదా, ఆ మాట అలాగే ఉంచుతున్నా, కానీ చాలామంది దాన్ని విడదీయరాని స్నేహంగా చదువుకున్నట్టున్నారు, అందుకే ఈ వివరణ.

పేనుబంక మొక్క రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ, కాబట్టి సరిపడా నత్రజని కోసం బోలెడంత తాగాలి, మిగిలిన చక్కెర తీపి బొట్టుగా వెనకనుంచి బయటికొస్తుంది. చీమ వచ్చి మీసాలతో వీపు మీద మెల్లగా తడితే బొట్టు వదులుతుంది, చీమ తాగేస్తుంది. బదులుగా పేనుబంకను తినే అక్షింతల పురుగు దగ్గరికొస్తే చీమ తరిమికొడుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే వేరేచోట తీపి దొరికినా, పుట్టలో పిల్లలకు మాంసకృత్తులు కావాల్సి వచ్చినా అవే చీమలు ఆ పేనుబంకనే పట్టుకుని తినేస్తాయి. పశువుల్లా మేపుతాయని అంటాం, మరి కోసుకు తినడం కూడా అందులో భాగమేగా!

మొక్క సంగతేంటని కొందరు అడిగారు. రసం పోతుంది, ఆకుల మీద పడ్డ జిగురుకు మసి తెగులు పడుతుంది. కానీ గొంగళి పురుగులు ఎక్కువున్నచోట చీమలు వాటినీ తరిమేస్తాయి కాబట్టి ఒక్కోసారి మొక్కకు లాభమే మిగులుతుంది.

నిజంగా విడదీయలేని జోడీ కావాలంటే అది పేనుబంక ఒంట్లోనే ఉంది. దాదాపు అన్ని జాతుల్లోనూ ఉండే బుక్నేరా అనే బాక్టీరియా, రసంలో చాలని అమైనో ఆమ్లాలను (మాంసకృత్తులకు కావాల్సిన ముడిసరుకు) లోపలే తయారుచేసి పెడుతుంది, 10 కోట్ల ఏళ్లకు పైగా రెండూ కలిసే ఉన్నాయి. యాంటీబయాటిక్‌తో దాన్ని చంపేస్తే పేనుబంక సరిగ్గా ఎదగదు, పిల్లల్నీ పెద్దగా పెట్టలేదు.